ఇంటి మరమ్మతు మనమే, 4వ పాఠం: గోడకు రంధ్రం, అంతకంటే ముందు కుళాయి

ఈ పాఠంలో గోడకు రంధ్రం వేయడం నేర్చుకోవాలి. డ్రిల్లు బయటికి తీసిపెట్టుకున్నవాళ్లు దాన్ని కాసేపు పక్కన ఉంచండి. మూడో పాఠం మిగిల్చిన తడి ఇంకా ఆరలేదు.

పోయినసారి చెప్పింది చిన్న పని. చుక్కలు కారే కుళాయికి తల భాగం విప్పాలి, అడుగున ఉన్న రబ్బరు వాషరు తీసి అదే కొలతది పెట్టాలి, మళ్లీ బిగించాలి. ఇరవై నిమిషాల్లో అయిపోతుందని కూడా రాశాను. ఆ ఇరవై నిమిషాల మాటే చాలామందికి కోపం తెప్పించింది. ఉత్తరాలన్నీ చదివాక లెక్క తేలింది: తప్పుల్లో సగం నావే.

నీళ్లు కట్టేయమని నేను రాయలేదు. నీళ్లు ఆపకుండా కుళాయి ఎవరు విప్పుతారులే అనుకున్నాను. విప్పితే ఏమవుతుందో ఒకరు పూసగుచ్చినట్టు రాశారు. కుళాయి తల ఎగిరి ఎదురు గోడకు తగిలిందట. సరే, ఇప్పుడు రాస్తున్నాను. ముందు ఆ గదికి నీళ్లు తెచ్చే వాల్వు మూయండి. అది కనబడకపోతే ఇల్లంతటికీ ఉన్న ప్రధాన వాల్వు మూయండి. తర్వాత ఇంట్లో అన్నిటికంటే కిందున్న కుళాయి తెరిచి, పైపులో నిలిచిన నీరంతా పోయేదాకా ఆగండి.

రెండో పానా సంగతి కూడా రాయలేదు. దాని ఫలితం ఇంకా పెద్దది. సున్నం పేరుకుని బిగుసుకుపోయిన కుళాయి తలను ఒక్క పానాతో తిప్పితే తల కదలదు, కుళాయి మొత్తం గోడలో తిరుగుతుంది. అందుకే ఒక పానాతో తలను తిప్పుతున్నంతసేపూ రెండో పానాతో కుళాయి మొండాన్ని కదలకుండా పట్టుకోవాలి. నా చేతులు ఆ పని వాటంతట అవే చేసేస్తాయి కాబట్టి రాయాలని తోచలేదు. వాషరు మార్చబోయి కుళాయినే గోడలోంచి ఊడదీసినవాళ్లు ఒకరిద్దరు కాదు.

"మా కుళాయిలో వాషరే లేదు" అన్నవాళ్లకు ఒక్క మాట. పిడి పావు చుట్టు తిరిగి ఆగిపోతోందంటే అది సిరామిక్ కుళాయి. లోపల రెండు పింగాణీ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జరుగుతుంటాయి, రబ్బరు వాషరుకు అక్కడ పని లేదు. ఆ బిళ్లలుండే లోపలి ముక్కను, అంటే కార్ట్రిడ్జిని, మొత్తంగా మార్చాలి. పాతది వెంట తీసుకెళ్లి, పక్కపక్కన పెట్టి పోల్చి కొనండి. చుక్క ముక్కు నుంచి కాకుండా పిడి కింద నుంచి వస్తుంటే అదీ వాషరు తప్పు కాదు, పిడితో పాటు తిరిగే కడ్డీ (స్పిండిల్) చుట్టూ ఉండే 'O' ఆకారపు రబ్బరు రింగు అరిగిపోయింది.

కొత్త వాషరు పెట్టినా కారుతోందా? వాషరు కూర్చునే ఇత్తడి పీట మీద చిటికెన వేలు తిప్పి చూడండి. గాటు తగిలితే ఎన్ని వాషర్లు మార్చినా ఒకటే. ఆ పీటను నున్నగా అరగదీసే చిన్న పనిముట్టు ఉంది. నేనైతే వాడను, కుళాయి మార్చేస్తాను. కానీ ఏదో ఒకటి చేయండి. చుక్కే కదా అని వదిలేయకండి. సెకనుకు ఒక చుక్క, ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకున్నా రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది. పిడిని బలంకొద్దీ బిగించి చుక్క ఆపడం కూడా వద్దు. కొత్త రబ్బరు అలాగే పాడవుతుంది.

ఇక కుళాయి గోడలోంచి ఊడివచ్చినవాళ్ల సంగతి. మీకు టెఫ్లాన్ టేపుతో పని పడింది, కుళాయి కొసనుండే మర మీద, అంటే స్క్రూకు ఉండేలాంటి చుట్ల మీద, చుట్టే టేపు అది. ఆ టేపు జిగురు అని చాలామంది నమ్మకం. దాని గుణం సరిగ్గా అందుకు విరుద్ధం. రాయ్ ప్లంకెట్ అనే రసాయనవేత్త శీతలీకరణ వాయువుల మీద పని చేస్తుండగా 1938లో అనుకోకుండా చేతికి చిక్కిన పదార్థం అది. దేనికీ అంటుకోదు, జారుతుంది. జారుతుంది కాబట్టే మర ఇంకాస్త లోపలికి పోతుంది. మెత్తన కాబట్టి మర చుట్ల మధ్య సందుల్లో కూరుకుపోతుంది. నీటిని ఆపేది ఆ కూరుకుపోవడమే. మీ కండబలం కాదు.

చుట్టడం సులభమే. మర కొస మీ ముఖం వైపు ఉంచి, గడియారం ముల్లు తిరిగే దిక్కున, టేపును కాస్త లాగి పట్టుకుని చుట్టండి. ఎదురు దిక్కున చుడితే బిగించేటప్పుడు టేపు పోగై ఊడివస్తుంది. కొసన మొదటి మర చుట్టు మీద టేపు వేయకుండా వదిలేయండి, లేకపోతే పీలికలు నీళ్లలోకి పోతాయి. పలుచని తెల్ల టేపయితే నేను ఎనిమిది చుట్లు వేస్తాను. మందపుదైతే నాలుగైదు చాలు.

నాకు ఒళ్లు మండేది దీని తర్వాత జరిగేదాంతో. కుళాయి బాగా బిగుసుకుంటుంది. తీరా చూస్తే ముక్కు పక్కకు చూస్తుంటుంది. ఇంకా ముందుకు తిప్పితే ఏదైనా విరుగుతుందేమోనని భయం. అందుకని వెనక్కి తిప్పి, ముక్కును కిందికి చూసేలా నిలబెట్టి, చేతులు కడుక్కుంటారు. ఉత్తరాలు రాసినవాళ్లలో ఇది చేయనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మరో ఇద్దరైతే వెనక్కి తిప్పి, పై నుంచి ఇంకో రెండు చుట్లు టేపు వేశారు, అతుకు బయట. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని నెత్తి మీద రుమాలు వేసుకున్నట్టు.

వెనక్కి ఎందుకు తిప్పకూడదో కొలతలతో చెబుతాను. అర అంగుళం కుళాయి అంటాం కదా, దాని మరను స్కేలుతో కొలిస్తే అర అంగుళం రాదు, దాదాపు 21 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ పేరు పాత ఇనుప పైపుల లోపలి బోలు కొలత నుంచి వచ్చింది. దాని మీద అంగుళానికి 14 మర చుట్లు ఉంటాయి. అంటే కుళాయి ఒక పూర్తి చుట్టు తిరిగితే సుమారు 1.8 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. ఇలాంటి అతుకుల కోసం చేసిన మర చాలావరకు తిన్నగా ఉండదు, కొస సన్నగా, వెనక లావుగా ఉంటుంది. పొడవులో 16 మిల్లీమీటర్లు జరిగితే వ్యాసం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ముందుకు తిప్పుతున్నంతసేపూ లావు భాగం వచ్చి టేపును నొక్కుతుంటుంది. అర చుట్టు వెనక్కి తిప్పారనుకోండి. కుళాయి బయటికి జరిగేది 0.9 మిల్లీమీటరు. వ్యాసంలో విడుదలయ్యేది అందులో పదహారో వంతు, సుమారు 0.06 మిల్లీమీటరు. అంటే ఒక వెంట్రుక మందం. నలిగి అణిగిన టేపు మళ్లీ ఉబ్బి ఆ సందును పూడ్చదు. నీటికి వెంట్రుక మందం దారి చాలు.

పైగా అది ఆ రోజే కారకపోవచ్చు. కారితే నయమే, తెలుస్తుంది. గోడ లోపల సన్నగా ఊరుతూ, కొన్నాళ్లకు రంగు పొక్కులు లేచాక బయటపడుతుంది. నేను మొదట్లో పెట్టిన ఒక కుళాయి అలాగే చేసింది. దాని వెనక పలకలు పగలగొట్టవలసి వచ్చింది.

మరి ముక్కు పక్కకు ఉంటే ఏం చేయాలి? కొంచెమే తక్కువైతే ముందుకే తిప్పండి. కదలడం లేదంటే పూర్తిగా విప్పి, పాత టేపు ముక్క కూడా మిగలకుండా మర శుభ్రం చేసి, ఈసారి ఒక చుట్టు తగ్గించి వేయండి, కుళాయి ఇంకాస్త లోపలికి పోతుంది. మరీ వదులుగా ఉండి ముక్కు కిందికి దాటిపోతే ఒక చుట్టు పెంచండి. నా అడ్డదారి ఒకటుంది: టేపు వేయకముందే కుళాయిని చేత్తో ఒకసారి బిగించి, ఎన్ని చుట్లు తిరిగిందో, ముక్కు ఎటు ఆగిందో చూసుకుంటాను. టేపు వేశాక ఎక్కడ ఆగుతుందో దాన్ని బట్టి తెలిసిపోతుంది. గోడలోకి బిగించే షవరు గొట్టానికీ ఇదే పద్ధతి. వాషింగ్ మెషీను గొట్టానికి మాత్రం టేపు వద్దు. అక్కడ నీటిని ఆపేది గొట్టం లోపలి రబ్బరు వాషరు. గీజరు కిందనుండే మెలితిరిగే గొట్టాలకూ అంతే. టేపు వేస్తే నట్టు పూర్తిగా కూర్చోక అక్కడా కారుతుంది.

ఇప్పుడు డ్రిల్లు తీయండి. స్థలం తక్కువుంది, ముఖ్యమైనవే చెబుతాను.

స్విచ్చి బోర్డుకు సరిగ్గా పైన, కింద, పక్కన ఆ వరుసలో రంధ్రం వేయకండి. తీగలు సాధారణంగా ఆ దారుల్లోనే పోతాయి. కుళాయికి నిలువుగా పైనా కిందా అంతే, అక్కడ పైపు ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ముక్కే ప్లగ్గు; 6 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 6 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టే వాడాలి. ప్లగ్గు పొడవుకు ఇంకో 5 మిల్లీమీటర్లు కలిపి బిట్టు మీద ఆ కొలత దగ్గర టేపు అంటించండి. టెఫ్లాన్ టేపు కాదు, అది అంటుకోదని పైనే చెప్పాను. ముందు వచ్చే పొడి పైపూతది, ఎర్రపొడి మొదలైతే ఇటుకలోకి వెళ్లినట్టు. ప్లగ్గు కూర్చోవలసింది ఇటుకలో. పూతలోనే ఆగిపోతే బరువు పడగానే పూతతో సహా ఊడివస్తుంది. రంధ్రంలోని పొడి మొత్తం ఊదేయండి. పలక (టైలు) మీదైతే అది దాటేదాకా డ్రిల్లును సుత్తిలా కొట్టించే మీట ఆపి, నెమ్మదిగా వేయండి.

ప్లగ్గు గోడలో స్క్రూతో పాటు గుండ్రంగా తిరుగుతుంటే రంధ్రం పెద్దదైంది. అగ్గిపుల్లలు దూర్చి సరిపెట్టేవాళ్లున్నారు. నేను ఇంకో మందం ప్లగ్గు పెడతాను.

అభ్యాసం: ఒక పాత కుళాయి, దాని మర బిగిసే ఒక సాకెట్టు, అంటే లోపల మర ఉన్న పైపు ముక్క, సంపాదించండి. టేపు చుట్టి బిగించి, ముక్కు కచ్చితంగా కిందికి చూసేలా ఆపి, విప్పి, శుభ్రం చేసి, మళ్లీ చుట్టండి. ఇలా వరుసగా పదిసార్లు. మధ్యలో ఒక్కసారి వెనక్కి తిప్పినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. గోడలో కుళాయి ఇప్పటికే పెట్టేసినవాళ్లు రాత్రి దాని అతుకు చుట్టూ పొడి కాగితం చుట్టి ఉంచి, పొద్దున్నే తీసి చూడండి. డ్రిల్లు అభ్యాసానికి బీరువా వెనక, ఎవరికీ కనబడని చోట ఒక్క రంధ్రం చాలు.