వడకట్టిన సీసా మర్నాటికి మసకబారితే: వాక్యూమ్ వడపోత సమస్యలు, పరిష్కారాలు

కొత్తపట్నం నుంచి మైపాడు దాకా తీరం వెంట రొయ్య పిల్లల హ్యాచరీల్లోనూ, చెరువు నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబుల్లోనూ వాక్యూమ్ వడపోత సెట్టు ఒకటి మూలన కనిపిస్తుంది. పైన గాజు గరాటు, మధ్యలో ఉల్లిపొరలాంటి మెంబ్రేన్ (సన్నని రంధ్రాల వడపోత బిళ్ల), కింద పక్కమూతి ఉన్న మందపాటి ఫ్లాస్కు, అక్కడి నుంచి పంపుకు గొట్టం. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే, కుక్కర్ లాంటి పాత్రలో) పెడితే పాడయ్యే ద్రవాలకు ఇదే గతి. నాచు కల్చర్‌లో వేసే థయామిన్ వేడికి తట్టుకోదు. సముద్రపు నీటిని 121 డిగ్రీల దాకా వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి, పీహెచ్ పెరిగి, కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని మడ్డిగా అడుగున చేరతాయి.

సెట్టు మొరాయించిందని ఫోను వస్తే అవతలివారు మొదట అడిగేది, "పెద్ద పంపు తెప్పించమంటారా సార్?" అని. చాలాసార్లు పంపుకు ఏ రోగమూ ఉండదు.

లక్షణాల్లోకి వెళ్లేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సిరంజి ఫిల్టర్‌లో ద్రవాన్ని పైనుంచి తోస్తాం. ఎక్కడైనా సందు ఉంటే బయటికి కారుతుంది, వేలికి తడి తగులుతుంది. వాక్యూమ్‌లో లాగేది శుభ్రమైన వైపు నుంచి. అక్కడ సందు ఉంటే గది గాలి, దాంతోపాటు దుమ్మూ సూక్ష్మజీవులూ తిన్నగా వడకట్టిన నీళ్లలోకే వెళ్తాయి. బయట ఒక్క చుక్క కూడా కనిపించదు. దొంగ లోపలికి వచ్చినా తలుపు చప్పుడు కాదన్నమాట.

వడకట్టినది రెండో రోజుకు మసకబారుతోంది

మొదట అనుమానించాల్సింది వాక్యూమ్‌ను వదిలే క్షణాన్ని. పని కాగానే పంపు ఆపి గొట్టాన్ని చటుక్కున పీకేయడం చాలామందికి అలవాటు. లీటరు ఫ్లాస్కులో సగం ఖాళీగా ఉందనుకుందాం. గేజి (వాక్యూమ్ ఎంతుందో చూపే మీటరు) 600 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉండగా పీకితే దాదాపు 400 మి.లీ. గది గాలి ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. హ్యాచరీలో గది గాలి అంటే మామూలు గాలి కాదు. పక్క ట్యాంకుల్లో రాత్రీ పగలూ బుడగలు పగులుతూనే ఉంటాయి, ఆ తుంపరల్లో విబ్రియోలు (రొయ్యలకు జబ్బు చేసే బాక్టీరియా) తేలుతుంటాయి.

దీనికి మందు చవకే. ఫ్లాస్కు పక్కమూతికి 0.2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పీటీఎఫ్‌ఈ, అంటే నీరంటని టెఫ్లాన్ రకం, గాలి ఫిల్టర్ బిళ్ల తగిలించండి. దాని తర్వాత, పంపు వైపున, మూడు దారుల స్టాప్‌కాక్ (తిప్పే కవాటం) పెట్టండి. వడపోత అయ్యాక పంపు నడుస్తుండగానే స్టాప్‌కాక్ తిప్పి పంపు దారి మూసి, బయటి గాలికి తెరవండి. గాలి ఆ బిళ్ల గుండా వడకట్టుకుంటూ నెమ్మదిగా లోపలికి వెళ్తుంది. గేజి సున్నాకు వచ్చాకే గరాటును గానీ గొట్టాన్ని గానీ ముట్టుకోవాలి.

రెండో అనుమానం మెంబ్రేన్ మీద. ఒక ల్యాబులో వారం రోజులు వరుసగా మీడియా (కల్చర్ పెంచే పోషక ద్రవం) చెడిపోతుంటే వెళ్లి పక్కన నిలబడి చూశాను. కొత్తగా చేరిన కుర్రవాడు డబ్బా తెరిచి, ఫోర్సెప్స్‌తో నీలం బిళ్లను జాగ్రత్తగా తీసి గరాటు కింద పరిచాడు. తెల్లబిళ్లను చెత్తబుట్టలో వేశాడు. మెంబ్రేన్లు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పెట్టే రంగు కాగితం అది. అసలు ఫిల్టర్ బుట్టలో ఉంది! నీళ్లు చకచకా దిగుతున్నందుకు పాపం అతను సంతోషపడ్డాడు కూడా.

మెంబ్రేన్ చిరిగిందో, అంచు సరిగా కూర్చోలేదో తెలుసుకోవడానికి ప్రత్యేక పరికరం అక్కర్లేదు. నీళ్లతో తడిసిన మంచి 0.22 మైక్రాన్ల మెంబ్రేన్ గుండా గాలి దూసుకుపోవాలంటే మూడు బార్లకు పైగా ఒత్తిడి కావాలి. వాక్యూమ్ ఎంత గట్టిగా లాగినా ఒక బారు దాటదు. అంటే గరాటులో చివరి చుక్క దిగిపోయాక కూడా గాలి లోపలికి రాకూడదు. చివరి చుక్క దిగాక పంపు దారి మూసి, ఒక నిమిషం చెవి ఆనించి వినండి, గరాటు కాడ వైపు చూడండి. సన్నగా ఈల వినిపించినా, కాడలో బుడగలు పరుగెత్తినా, గేజి ముల్లు జారుతున్నా ఆ సీసాను పారబోయాల్సిందే. ముల్లు జారినా మెంబ్రేన్ దగ్గర బుడగలు లేకపోతే బిరడా చుట్టూ, గొట్టం చివర్లలో వెతకండి. ఎండిన రబ్బరు బిరడా ముఖ్యమైన దోషి.

మెంబ్రేన్‌ను సెట్టుతో కలిపి ఆటోక్లేవ్‌లో పెట్టేవారు క్లాంపును బిగించి పెడితే, మెంబ్రేన్ వేడికి లాగుకుపోయి అంచున చిట్లుతుంది. వదులుగా పెట్టి, ఆవిరిని నెమ్మదిగా వదిలి, పూర్తిగా చల్లారాక చుట్టిన రేకు మీదనే బిగించాలి.

ఇక రంధ్రం సైజు. 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి స్టెరైల్ (సూక్ష్మజీవులు లేనిది) అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు లోకమంతా అలాగే అనుకుంది. 1960లలో ఒక చిన్న బాక్టీరియా దాన్ని దాటిపోతోందని తేలింది. ఇప్పుడు దాని పేరు బ్రెవుండిమోనాస్ డిమిన్యూటా. నేడు స్టెరైల్ గ్రేడ్ అని అమ్మే 0.22 మెంబ్రేన్ చదరపు సెంటీమీటరుకు కోటి చొప్పున ఈ జీవినే పోసినా ఒక్కదాన్నీ వదలకూడదన్నది పరీక్ష. 0.45ను నీళ్లలో విబ్రియోలను లెక్కపెట్టే పనికి ఉంచుకోండి, దానికి అది చక్కగా సరిపోతుంది.

తప్పు సెట్టుదో నమూనాదో తేలకపోతే, ఆటోక్లేవ్ చేసిన ఉప్పునీటినే ఒకసారి అదే సెట్టులో వడకట్టి, కొంత జోబెల్ అగర్ (సముద్రపు బాక్టీరియాను పెంచే పోషక జెల్లీ) మీద పరచి రెండు రోజులు ఉంచండి. దాని మీద కూడా కాలనీలు వస్తే మీ నీళ్లను తిట్టుకోవాల్సిన పని లేదు.

మొదట ధారగా దిగి, కాసేపటికి చుక్కలకు వస్తోంది

ఇది మన జిల్లాల్లో కాలాన్ని బట్టి వచ్చే జబ్బు. మనకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. పెన్నాకు వరద వస్తే సముద్రం మొగ దగ్గర ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. మే నెలలో ఇబ్బంది లేకుండా నడిచిన అదే సెట్టు నవంబరులో గరాటెడు నీళ్లకే మూసుకుపోతుంది. అప్పుడే పెద్ద పంపు మాట వస్తుంది.

పెద్ద పంపు ఎందుకు పనికిరాదంటే, మెంబ్రేన్ మీద నీటిని నెట్టేది బయటి వాతావరణమే, పంపు కాదు. సముద్రమట్టం దగ్గర అది 760 మిల్లీమీటర్లు, అంతకు మించి ఎవరూ ఇవ్వలేరు. పంపు ఎంత పెద్దదైనా ఆ హద్దుకు కాస్త త్వరగా చేరుస్తుందంతే. పైగా మొదటి నిమిషంలోనే గట్టిగా లాగితే మెత్తని బురద మెంబ్రేన్ మీద గట్టి పొరలా అణిగిపోయి దారి మరింత మూస్తుంది. సగం వాక్యూమ్‌తో మొదలుపెట్టి, నెమ్మదించాక పెంచండి.

అసలు పరిష్కారాలు రెండు. నీటిని రాత్రంతా కదపకుండా ఉంచి పైతేట మాత్రమే తీసుకుని, ముందు గాజునార ప్రీఫిల్టర్ గుండా, తర్వాత 0.45 గుండా, చివరికి 0.22 గుండా పంపాలి. మరీ బురదగా లేకపోతే గాజునార బిళ్లను 0.22 మెంబ్రేన్ మీదనే పరిచి ఒక్కసారిలో కానివ్వచ్చు. అది మెంబ్రేన్‌కు పైనే ఉండాలి. కింద పెడితే దాని నారలు మీ స్టెరైల్ నీటిలోకే రాలతాయి.

రెండోది వైశాల్యం. 47 మి.మీ. బిళ్ల వైశాల్యం 17 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు, 90 మి.మీ.ది 63 పైచిలుకు. వ్యాసం రెట్టింపు కూడా కాలేదు, పనిచేసే చోటు మాత్రం మూడున్నర రెట్లు దాటింది. పంపుకు పెట్టదలచిన డబ్బు పెద్ద హోల్డర్‌కు పెట్టండి.

పంపు తిరుగుతోంది, చుక్క కూడా దిగడం లేదు

గేజి ఎక్కడుందో చూడండి. అది పంపు దగ్గర ఉండి నిండు వాక్యూమ్ చూపిస్తుంటే, మధ్యలోని గాలి ఫిల్టర్ తడిసి మూసుకుపోయిందేమో. నీటిని పీల్చుకునే రకం బిళ్లను గాలికి వాడితే ఇదే జరుగుతుంది. అక్కడ నీరంటని పీటీఎఫ్‌ఈ ఉండాలి. దీనికి తలకిందులు పొరపాటు కూడా చూశాను: నీరంటని పీటీఎఫ్‌ఈ మెంబ్రేన్‌ను నీళ్లు వడకట్టడానికి కొన్నారు. తామరాకు మీద నీళ్లలా అవి గరాటులోనే నిలబడతాయి. నీటికి కావలసినది నీటిలో తడిసే రకం.

నురగ వస్తోంది, మీడియా రంగు మారుతోంది

సీరమ్, ప్రోటీన్ ఉన్న ద్రవాలను వాక్యూమ్‌తో లాగితే ఫ్లాస్కులో నురగ కడుతుంది, నురగలో ప్రోటీన్ దెబ్బతింటుంది. ద్రవం గోడ వెంట జారేలా గరాటు కాడను ఫ్లాస్కు పక్కకు ఆనించి, వాక్యూమ్ తగ్గించి చూడండి. తగ్గకపోతే వాక్యూమ్ మానేసి పెరిస్టాల్టిక్ పంపుతో (గొట్టాన్ని నొక్కుతూ ద్రవాన్ని నడిపే పంపుతో) తోయడమే మేలు. మెంబ్రేన్ పదార్థం కూడా చూడాలి. నైలాన్, సెల్యులోజ్ నైట్రేట్ ప్రోటీన్‌ను పట్టుకుని ఉంచేసుకుంటాయి. పీఈఎస్, పీవీడీఎఫ్, సెల్యులోజ్ అసిటేట్ తక్కువగా పట్టుకుంటాయి. నీళ్ల లాంటి ద్రవాలకు పీఈఎస్ త్వరగా వదులుతుంది కనుక నా ఓటు దానికే.

బైకార్బొనేట్ ఉన్న కల్చర్ మీడియా నారింజ ఎరుపు నుంచి వంగపండు ఛాయకు తిరిగితే భయపడకండి. వాక్యూమ్ కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి పీహెచ్ పెంచింది. కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో మూత వదులు చేసి ఉంచితే చాలావరకు తిరిగి వస్తుంది.

పంపు నూనె మజ్జిగలా తెల్లబడింది

నీటి ఆవిరి నూనెలో కలిసింది. నూనె పంపు అసలు ఈ పనికి అవసరమే లేదు, అంత లోతైన వాక్యూమ్ వడపోతకు అక్కరకు రాదు. నూనె లేని డయాఫ్రమ్ పంపు చాలు. ఉన్నదానితోనే నడపాలంటే ఫ్లాస్కుకూ పంపుకూ మధ్య ఖాళీ ట్రాప్ ఫ్లాస్కు ఒకటి పెట్టి, నూనె మార్చండి. కరెంటు పోయినప్పుడు కూడా ఆ ట్రాపే కాపాడుతుంది. పంపు ఆగగానే ఫ్లాస్కులో మిగిలిన వాక్యూమ్ వెనక్కి లాగుతుంది. కుళాయికి తగిలించే ఆస్పిరేటర్ వాడేవారి ఫ్లాస్కులోకి కుళాయి నీళ్లే వచ్చేస్తాయి. మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీటి ఒత్తిడికి ఆస్పిరేటర్ సరిగా లాగదు కూడా, దాని జోలికి పోకండి.

వడకట్టిన నీటిలోనూ తెల్లమచ్చ వైరస్ భయం

ఈ భయంలో అర్థం ఉంది. 0.22 ఫిల్టర్ ఆపేది బాక్టీరియాను. రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ మందం సుమారు 80 నుంచి 120 నానోమీటర్లు. పరిశోధకులు రొయ్యలకు ఈ వైరస్ ఎక్కించే ద్రావణాన్ని బాక్టీరియా లేకుండా చేయడానికి 0.45 గుండా వడకడతారు, వైరస్ దాటి వస్తుందని తెలిసే. కణగోడ లేని మైకోప్లాస్మాలు అనే చిన్న బాక్టీరియాలు కూడా ఒదిగి 0.22ను దాటగలవు, వాటికి 0.1 మైక్రాన్ల ఫిల్టర్ కావాలి. వైరస్ సంగతి క్లోరిన్‌కో, అతినీలలోహిత దీపానికో, వేడికో అప్పగించండి.

కొనేముందు

పది, ఇరవై మిల్లీలీటర్ల విటమిన్ ద్రావణానికి వాక్యూమ్ సెట్టు దండగ, సిరంజి ఫిల్టర్ చాలు. వారానికి ఒకటి రెండు సార్లు అర లీటరు మీడియా చేసుకునేవారికి సీసా మూతికి బిగించే స్టెరైల్ ఫిల్టర్ గరాటు మంచిది. అది ఒక్కసారి వాడి పారేయాల్సినది. కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టిన గరాటు వంగి వంకాయలా బయటికి రావడం నేను చూశాను. సీసా మూతి మర దానికి సరిపోతుందో లేదో ముందే కొలిచి చూసుకోండి. రోజూ లీటర్ల కొద్దీ సముద్రపు నీరు కావాలంటే 90 మి.మీ. హోల్డర్, డయాఫ్రమ్ పంపు, ట్రాప్, గాలి ఫిల్టర్ కలిపి ఒకేసారి కొనడం నయం. టన్నుల లెక్కలోకి వెళ్తే ఇది ఆ పనికి పుట్టలేదు, కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు అడగండి.

ఫ్లాస్కు విషయంలో మాత్రం పొదుపు వద్దు. మామూలు కోనికల్ ఫ్లాస్కుకు, పలచటి అడుగున్న సీసాకు వాక్యూమ్ పెడితే లోపలికి కూలి గాజు ముక్కలు ఎగిరిపడతాయి. మందపాటి పక్కమూతి ఫ్లాస్కునైనా వాడే ప్రతిసారీ కిటికీ వెలుగుకు ఎత్తి, అడుగు అంచున నక్షత్రంలాంటి పగులు ఉందేమో చూడండి. ఉంటే దాన్ని ఆ రోజే పక్కన పెట్టి, "వాక్యూమ్‌కు వాడరాదు" అని పట్టీ అంటించండి.