మోరిస్ మైనర్ డైనమో ఛార్జింగ్: నా అనుభవం

నా పాత మోరిస్ మైనర్ కారులో బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోకి రీవైండింగ్ (తీగ మళ్లీ చుట్టించడం) చేయించి బిగించాక, ఇంజన్ ఎంత రేజ్ చేసినా డ్యాష్‌బోర్డు మీద ఛార్జింగ్ లేదని చెప్పే ఎర్ర లైటు ఆరలేదు. కొత్త బ్రష్‌లు, ఫ్యాన్ బెల్టు, కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపి, విడదీసే రిలే) పాయింట్లు, చివరికి బ్యాటరీ మార్చినా ఫలితం లేదు.

డైనమో మీద డి (కరెంటు బయటికి ఇచ్చేది), ఎఫ్ (లోపల అయస్కాంతత్వం పుట్టించే ఫీల్డ్ కాయిల్‌కి వెళ్లేది) వైర్లు తీసి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న వైరుతో కలిపి, ఇంజన్ నడుపుతూ వాటికీ బాడీకీ మధ్య వోల్ట్ మీటర్ పెట్టాను. వోల్టేజీ దాదాపు సున్నా. అంటే లోపలి ఇనుములో మిగలాల్సిన అయస్కాంతత్వం పోయి ఉండాలి.

ఇంజన్ ఆపి, ఆ కలిపిన వైరు తీసేశాను. బ్యాటరీలో బాడీకి కలపని కొస నుంచి ఒక వైరు తెచ్చి, చిన్న టెర్మినల్ ఎఫ్‌కి రెండు మూడుసార్లు అలా తాకించి తీశాను. చిటుక్కుమని నిప్పురవ్వ వస్తుంది, కంగారు పడొద్దు. ఈ కారుకి కంపెనీ నుంచే పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది), కాబట్టి నాకు ఆ కొస నెగటివ్. మీ బండికి ఎవరైనా మార్చారేమో ముందు చూసుకోండి.

మళ్లీ టెస్ట్ చేస్తే మీటర్ ముల్లు 15 వోల్టులు దాటింది, వెంటనే ఆపేశాను. పెద్ద టెర్మినల్‌కి డి, చిన్నదానికి ఎఫ్ వైర్లు బిగించాను. తారుమారైతే కటౌట్ కాలిపోవచ్చు. ఐడిల్ కాస్త పెంచగానే లైటు ఆరింది.

ఫీల్డ్ కాయిల్ తెగి ఉంటే ఇది పనిచేయదు. అమెరికన్ జీపుల్లో ఫీల్డ్ వైరింగ్ వేరుగా ఉండొచ్చు, వాటికి ఇదే పద్ధతి వాడొద్దు.