పాత ఫోర్ వీల్ డ్రైవ్ వాహనంలో బిగుతు ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి

పాత ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం మలుపులో మొరాయించినా, స్టీరింగ్ బరువెక్కి చక్రాలు ఈడ్చుకుపోతున్నట్టు అనిపించినా, చాలామంది చూపు ముందుగా స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పడాన్ని చక్రాల లింకులకు అందించే గేర్ల పెట్టె) మీదికి పోతుంది. నిజానికి దానిని అన్నిటికన్నా ఆఖరున ముట్టుకోవాలి. బిగుతు టైర్లలో పుట్టినా, ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ల పెట్టెలో) పుట్టినా, పట్టేసిన బ్రేకులో పుట్టినా, అది డ్రైవరు చేతికి తెలిసేది స్టీరింగ్ దగ్గరే. అందువల్ల లక్షణాన్ని బట్టి ఏదో ఒక భాగాన్ని ఊహించి మార్చడం కన్నా, ఒక్కొక్క భాగాన్నే విడదీస్తూ, ఏది విడదీసినప్పుడు బిగుతు పోయిందో గమనించడం మేలు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది, అసలు అది లోపమా కాదా అన్నది. పాత వాహనాలలో ఎక్కువ వాటికి మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనుక షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. ఫోర్ వీల్ వేయగానే ముందు, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులు (ఇరుసులకు శక్తిని మోసే పొడవాటి కడ్డీలు) రెండూ ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకదానికొకటి బిగిసిపోయి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనుక చక్రాల కన్నా పెద్ద వలయంలో తిరగవలసి ఉంటుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు ఉన్న బండి, వెనుక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగేలా మలుపు తీసుకుంటే, ముందు ఇరుసు దాదాపు 5.55 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. అర్ధవలయం పూర్తయ్యేసరికి ముందు చక్రాలు దాదాపు 1.7 మీటర్లు ఎక్కువ దూరం పోవాలి. ఇరుసు గేరు నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరిగే చుట్లు) 4 దగ్గర ఉంటే, ముందు షాఫ్టు వెనుకదాని కన్నా సుమారు 3 చుట్లు ఎక్కువ తిరగాలన్నమాట. మట్టిలో, ఇసుకలో టైర్లు జారి ఆ తేడాను సర్దుకుంటాయి. పొడి తారు రోడ్డు మీద జారే వీలు లేక షాఫ్టులు మెలిపడతాయి, స్టీరింగ్ బిగుస్తుంది, ట్రాన్స్‌ఫర్ లివరు వెనక్కి రానంటుంది. కొన్ని మీటర్లు తిన్నగా రివర్సులో నడిపితే ఆ మెలి విడిపోయి లివరు సులువుగా వస్తుంది. ఇందులో మరమ్మతు చేయవలసిందేమీ లేదు, గట్టి నేల మీద ఫోర్ వీల్ వేయకుండా ఉండడమే పరిష్కారం. తిన్నగా పోతున్నప్పుడు కూడా బిగుతు పెరుగుతూ ఉన్నా, టూ వీల్‌లోనూ వదలకపోయినా, అప్పుడు వెతుకులాట మొదలుపెట్టాలి.

బండి కిందికి వెళ్లే ముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. జాకీ ఒక్కదాని మీదే నిలబెట్టిన వాహనం కిందికి ఎప్పుడూ దూరకూడదు. గట్టి స్టాండ్లు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు రెండు వైపులా దిమ్మలు వేయాలి. రెండవది చాలామందికి తెలియదు: ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉంటే, గేరులో వేసినా, ఆటోమేటిక్ బండిని పార్క్‌లో పెట్టినా అది నిలవదు. హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర కాకుండా ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేసే రకమైతే, ఒక వెనుక చక్రాన్ని లేపిన మరుక్షణం ఆ బ్రేకు బండిని ఆపలేదు. ఇక ఒక ఇరుసును మాత్రమే పైకి లేపి, ఇంజను నడుపుతూ ఫోర్ వీల్ వేసి చూద్దామన్న ఆలోచన పొరపాటున కూడా రాకూడదు. నేల మీద ఉన్న చక్రాలు బండిని స్టాండ్ల మీద నుంచి లాగేస్తాయి.

పని టైర్లతో మొదలుపెట్టాలి. నాలుగు టైర్ల మీద రాసిన కొలత ఒకటే అయినంత మాత్రాన నాలుగూ ఒకే చుట్టుకొలతతో ఉన్నాయని అనుకోకూడదు. 235/75 ఆర్ 15 కొలత గల టైరు చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. ముందు జత కొత్తదై, వెనుక జత 5 మిల్లీమీటర్లు ఎక్కువ అరిగి ఉంటే చుట్టుకొలతలో దాదాపు 31 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కిలోమీటరుకు అది 13 మీటర్లు దాటుతుంది, ఆ తేడా అంతా ఫోర్ వీల్‌లో తిన్నగా పోతున్నప్పుడు కూడా షాఫ్టులను మెలిపెడుతూనే ఉంటుంది. కాబట్టి నాలుగింటిలో గాలి సమానంగా నింపి, ఒక్కొక్క టైరు చుట్టూ టేపు పట్టి కొలవాలి. అంతకన్నా నమ్మకమైన మార్గం, టైరు మీదా నేల మీదా సుద్దతో గీత గీసి, బండిని చక్రం ఒక పూర్తి చుట్టు తిరిగేదాకా నెట్టి ఆ దూరాన్ని కొలవడం. బండి బరువు మోస్తున్నప్పటి కొలత అలాగే దొరుకుతుంది.

ఇరుసు ఎప్పుడైనా మార్చిన బండి అయితే, ముందు వెనుక గేరు నిష్పత్తులు సరిపోలాయో లేదో కూడా చూడాలి. ఒకటి 4.10, మరొకటి 4.56 అయితే ఏ నేల మీదా ఆ బండి ఫోర్ వీల్‌లో సుఖంగా నడవదు. ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని రెండవదాన్ని సరిగ్గా 2 చుట్లు తిప్పితే, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే ఆ ఇరుసు నిష్పత్తి. ఇరుసులో లాకు లేని మామూలు డిఫరెన్షియల్‌కే ఈ లెక్క వర్తిస్తుంది.

తరువాత, టూ వీల్ వేశామనుకున్నప్పుడు అది నిజంగా టూ వీల్‌లోకి వచ్చిందా అన్నది చూడాలి. డాష్‌బోర్డు మీద దీపం ఆరిపోవడం సాక్ష్యం కాదు, కొన్ని బండ్లలో ఆ స్విచ్చి లివరు సంగతే చెబుతుంది తప్ప లోపల గేరును జరిపే ఫోర్కు కదిలిందో లేదో చెప్పదు. ముందు చక్రాలు రెండూ లేపి, లివరు టూ వీల్‌లో ఉంచి, ముందు ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో తిప్పాలి. తిరగకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు దానిని వదలలేదు. ఫ్రీ వీలింగ్ హబ్బులు (ముందు చక్రాలను ఇరుసుతో కలిపి విడదీసే అమరికలు) ఉన్న బండిలో, రెండు హబ్బులూ విడిచినప్పుడు చక్రాలు తిరిగినా లోపలి ఇరుసులు కదలకూడదు. ఒక హబ్బు విడిచి రెండవది ఎండిన గ్రీజుతో పట్టి ఉండిపోవడం పాత బండ్లలో మామూలే.

మధ్య డిఫరెన్షియల్ ఉన్న, ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే బండ్లకు పరీక్ష వేరు. ఆ డిఫరెన్షియల్ లాకు తీసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనుక చక్రాలు కదలకుండా చేసి, ఒక ముందు చక్రాన్ని మాత్రమే లేపి తిప్పి చూడాలి. అది కాస్త శ్రమతోనైనా తిరగాలి. అసలు తిరగకపోతే లాకు విడలేదు. విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవంతో రెండు షాఫ్టుల వేగాల తేడాను అదుపు చేసే భాగం) ఉన్న రకమైతే పొడవాటి పానా పట్టి ఎడతెగకుండా బలం ప్రయోగించాలి, చక్రం తేనెలో తిరిగినట్టు నెమ్మదిగా కదలాలి. ఎంత నొక్కినా కదలనంటే లోపలి సిలికాన్ ద్రవం చెడిపోయి కప్లింగ్ బిగిసిపోయిందనే అనుమానించాలి.

ఇక స్టీరింగ్. ముందు చక్రాలు నేలకు ఆనకుండా ఉంచి, ఇంజను ఆపి, స్టీరింగ్‌ను ఒక అంచు నుంచి మరో అంచుకు నెమ్మదిగా తిప్పాలి. ఒక చుట్టులో రెండుసార్లు బిగుసుకుని రెండుసార్లు వదులైతే, స్టీరింగ్ కాలమ్‌ను బాక్స్‌తో కలిపే షాఫ్టు మీది క్రాస్ (కోణంలోనూ తిరగనిచ్చే కీలు) తుప్పు పట్టిందని దాదాపు తేల్చేయవచ్చు. ఎగ్జాస్ట్ వేడి తగిలే చోట ఉన్న క్రాస్ త్వరగా ఎండుతుంది. అలాంటి బండిలో మలుపు తరువాత స్టీరింగ్ తనంతట తాను తిన్నబడదు. బిగుతు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే, ముందుగా స్టీరింగ్ డ్యాంపర్ (కుదుపులను అణిచే గొట్టం) ఒక చివర విప్పాలి. వంగిన డ్యాంపర్‌ను అనుమానించేవారు తక్కువ, విప్పడం మాత్రం నిమిషాల పని. ఆ తరువాత డ్రాప్ ఆర్మ్ (బాక్స్ నుంచి లింకును కదిలించే చేయి) దగ్గర లింకును విడదీయాలి. ఈ ఒక్క కీలుతో స్టీరింగ్ మొత్తం రెండుగా విడిపోతుంది: స్టీరింగ్ చక్రం ఇంకా బిగుతుగా ఉంటే లోపం పైన, రోడ్డు చక్రాలను చేత్తో తోసినప్పుడు బిగుతుగా ఉంటే లోపం కింద.

కింద ఉంటే కింగ్ పిన్నులు (ముందు చక్రం పక్కకు తిరిగే కీళ్లు), బాల్ జాయింట్లు, టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) చివరలు మిగులుతాయి. టై రాడ్ కూడా విప్పి రెండు చక్రాలను విడివిడిగా తిప్పితే ఏ వైపు పట్టిందో తెలుస్తుంది. కింగ్ పిన్ బేరింగుల బిగుతును స్టీరింగ్ ఆర్మ్‌కు స్ప్రింగు త్రాసు తగిలించి లాగి, బండి వర్క్‌షాప్ పుస్తకంలోని అంకెతో పోల్చాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఈ బేరింగులకు కొంత బిగుతు కావాలి. అది పూర్తిగా పోతే ముందు చక్రాలు వణకడం మొదలవుతుంది.

మలుపులో, అదీ ఫోర్ వీల్‌లో మాత్రమే, స్టీరింగ్ లయగా లాగి వదులుతూ ఉంటే ముందు ఇరుసు చివరి క్రాసులను చూడాలి. క్రాస్ జాయింటు కోణంలో తిరిగేటప్పుడు ఒక చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది కనుక కొంత లాగుడు ఆ నిర్మాణానికి సహజం. హబ్బులు విడిచాక కూడా లాగుతుంటే వేరేచోట వెతకాలి. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులను బండి మీదే ఉంచి పరీక్షిస్తే అరుగుదల తెలుస్తుంది గానీ బిగుతు తెలియదు. షాఫ్టు దించి కీలును వంచి చూసినప్పుడు ఎక్కడైనా పట్టినా, గరగరమన్నా క్రాస్ మార్చాలి. దించే ముందు ఫ్లాంజీల (బోల్టులతో బిగించే అంచుల) మీదా, జారుడు స్ప్లైను (ఒకదానిలో ఒకటి జారే పళ్ల కీలు) రెండు భాగాల మీదా గుర్తులు పెట్టకపోతే తిరిగి బిగించినప్పుడు కొత్త వణుకు మొదలవుతుంది. ఎత్తు పెంచిన బండిలో ఇరుసును పూర్తిగా కిందికి వేలాడనిచ్చి, షాఫ్టు యోకులు (క్రాసును పట్టి ఉంచే కొమ్ములు) ఒకదానికొకటి తగులుతున్నాయేమో కూడా చూడాలి.

బ్రేకులు, చక్రాల బేరింగుల సంగతి త్వరగా తేలిపోతుంది. బ్రేకు పెద్దగా వాడకుండా కొంత దూరం నడిపి ఆపి, నాలుగు హబ్బుల దగ్గరా చేయి తాకకుండా వేడిని పోల్చాలి. ఒకటి మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటే ఆ చక్రాన్ని లేపి తిప్పాలి.

ఇన్ని చూశాకే స్టీరింగ్ బాక్స్. లింకు విప్పి ఉండగా, స్టీరింగ్ తిన్నగా ఉన్న చోట మాత్రమే బిగుసుకుని, పక్కలకు తిప్పితే వదులైతే, పైన కనిపించే సర్దుబాటు స్క్రూను ఎవరో అతిగా బిగించారని అర్థం. టై రాడ్ చివరలు అరిగి వచ్చిన ఆటను (వదులును) ఆ స్క్రూతో పోగొట్టాలని చూడడం పాత అలవాటు. లోపలి గేర్లు మధ్య స్థానంలోనే అతి దగ్గరగా ఉండేలా తయారవుతాయి కాబట్టి అక్కడే పట్టేస్తాయి. లాక్ నట్టు వదులు చేసి స్క్రూను కొద్దిగా వెనక్కి తిప్పి, మధ్యలో బిగుతు పోయిందో లేదో చూస్తూ సర్దాలి. వదులు చేశాక స్టీరింగ్‌లో ఆట కనిపిస్తే, దాని మూలాన్ని తిరిగి లింకు చివరలలో వెతకాలి. తిన్నగా ఉన్నచోట ఆట ఎక్కువై, పక్కలకు తిప్పినప్పుడు గరుకుగా తగులుతుంటే లోపలి బేరింగులు గుంటలు పడి ఉంటాయి. అలాంటి బాక్సును ఏ స్క్రూ సరిచేయలేదు, విప్పి బాగుచేయించవలసిందే.