రేణిగుంటలో దిగుతుండగా ఆపద వస్తే: పైకి లేవాలా, దిగేయాలా?

రేణిగుంట (తిరుపతి) విమానాశ్రయం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పు నుంచి వచ్చి పడమటి ముఖంగా దిగితే ఆ రన్‌వే నంబరు 26, పడమటి నుంచి వచ్చి దిగితే 08. 26 మీదికి వచ్చే ఎయిర్‌బస్ ఏ320 విమానం మూడు డిగ్రీల వాలులో, 140 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 260 కిలోమీటర్లతో దిగుతుంది. వెయ్యి అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు రన్‌వే ఇంకా ఐదున్నర కిలోమీటర్ల పైచిలుకు దూరం. చేతిలో ఉన్న సమయం దాదాపు 80 సెకన్లు.

ఆ 80 సెకన్లలో ఏది చెడినా పైలట్ తేల్చుకోవాల్సింది ఒక్కటే: మళ్లీ పైకి లేవాలా, దిగేయాలా? ఎక్కువ ఆపదలకు జవాబు పైకి లేవడమే. కొన్నింటికి మాత్రం దిగడమే క్షేమం. ఏది ఏ కోవలోకి వస్తుందో ముందే తెలియాలి. 500 అడుగుల దగ్గర కూర్చుని ఆలోచించడానికి వ్యవధి దొరకదు. పైలట్ శిక్షణలో ఉన్న మన జిల్లాల పిల్లలను దృష్టిలో పెట్టుకుని, ఏ320 లెక్కలతో ఇది రాస్తున్నాం. మీ విమానం వేరేదైతే దాని మాన్యువల్ చెప్పిందే ప్రమాణం.

కిందికి దిగడం మొదలుపెట్టక ముందే

సగం పని ఇక్కడే జరగాలి. ఇద్దరు పైలట్లూ చార్టు (దిగే దారి, ఎత్తులు చూపే పటం) ముందు పెట్టుకుని గాలి, వాన, రన్‌వే తడి, దిగలేకపోతే ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకు ఎక్కాలి, ఇంధనం ఎంతుంది అన్నవి బయటికి చెప్పుకుంటారు.

రేణిగుంటలో ఎటు తిరగాలన్నది చిన్న విషయం కాదు. 26 నుంచి నేరుగా పైకి లేస్తే ముందు తిరుపతి, ఆ తరవాత చంద్రగిరి వస్తాయి. కుడి పక్కన శేషాచలం గోడలా నిలబడి ఉంటుంది. తిరుమల ఊరే సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తు, చుట్టూ శిఖరాలు ఇంకా ఎత్తు. రన్‌వే నుంచి తిరుమలకు గీత గీస్తే 20 కిలోమీటర్లు, ఆ వేగంలో నాలుగైదు నిమిషాల దూరం.

చార్టులో గో అరౌండ్ (దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం) దారిని మామూలుగా 2.5 శాతం ఎక్కుడు వాలుకు గీస్తారు. రెండు ఇంజిన్ల విమానం ఒక ఇంజిన్ ఆగిపోయినప్పుడు చూపించాల్సిన కనీస ఎక్కుడు 2.1 శాతమే. అంటే విమానం బరువుగా ఉండి, ఎండ మండుతూ, ఒక ఇంజినే పనిచేస్తుంటే చార్టు గీత అందకపోవచ్చు. ఆ లెక్క ఆకాశంలో పైనున్నప్పుడే వేసుకోవాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో దీన్ని అసలు వదలకూడదు.

వెయ్యి అడుగుల గీత

వెయ్యి అడుగుల దగ్గర ఒక తనిఖీ ఉంటుంది. విమానం సరైన దారిలో ఉండాలి. వేగం లక్ష్యం కంటే మరీ ఎక్కువగానీ తక్కువగానీ ఉండకూడదు. చక్రాలు దిగి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి జారే పలకలు) ల్యాండింగ్ స్థాయిలో ఉండాలి. దిగే వేగం నిమిషానికి వెయ్యి అడుగులు దాటకూడదు. ఇంజిన్లు అతి తక్కువ పవర్ (ఐడిల్) లో పడి ఉండకూడదు. చెక్‌లిస్టు పూర్తి కావాలి. ఇందులో ఒక్కటి కుదరకపోయినా గో అరౌండే.

దిగే వేగాన్ని నోటి లెక్కతో సరిచూసుకోవచ్చు: నేలతో పోల్చిన వేగాన్ని (గ్రౌండ్ స్పీడ్) ఐదుతో హెచ్చించండి. 140 నాట్లకు నిమిషానికి 700 అడుగులు. మీటరు 1,100 చూపిస్తోందంటే విమానం పైనుంచి జారుతోంది, లేదా వెనక గాలి తోస్తోంది.

2010 మే 22న మంగళూరులో జరిగింది ఇదే. విమానం ఉండాల్సిన దానికంటే చాలా ఎత్తులో వచ్చింది. కోపైలట్ గో అరౌండ్ అని ఒకటికి రెండుసార్లు చెప్పినా కెప్టెన్ దించడానికే చూశారు. రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు, బతికింది ఎనిమిది మంది. అందుకే మేం గట్టిగా చెబుతాం: ఆ మాట కుడి సీటు (కోపైలట్) నుంచి వచ్చినా, ఎడమ సీటు (కెప్టెన్) నుంచి వచ్చినా వాదన ఉండకూడదు. ముందు పైకి లేవాలి, ఎవరిది తప్పో తరవాత చూసుకోవచ్చు.

గో అరౌండ్ ఎలా చేస్తారు

1. నడిపే పైలట్ "గో అరౌండ్, ఫ్లాప్స్" అంటూ థ్రస్ట్ లీవర్లను (ఇంజిన్ పవర్ పిడులు) టోగా, అంటే పూర్తి పవర్ గాడిలోకి తోస్తారు. అదే క్షణంలో ముక్కు సుమారు 15 డిగ్రీలకు లేపుతారు. ఒక ఇంజిన్ మీద అయితే 12.5.
2. రెండో పైలట్ ఫ్లాప్స్ ఒక మెట్టు పైకి తీస్తారు.
3. ఎదుటి తెర పైభాగంలో ఏ మోడ్ పట్టుకుందో ఇద్దరూ చదువుతారు.
4. ఎత్తు నిజంగా పెరుగుతోందని చూశాక "పాజిటివ్ క్లైంబ్", దానికి జవాబుగా "గేర్ అప్".
5. దారి పట్టాక, ఆ తరవాతే కంట్రోలర్‌కు "గోయింగ్ అరౌండ్".

తప్పు ఎక్కువగా మొదటి మెట్టులోనే జరుగుతుంది. లీవర్ టోగా గాడిలోకి చేరకపోతే విమానానికి గో అరౌండ్ మోడ్ పట్టుకోదు, ఇంకా దిగే ఆలోచనలోనే ఉంటుంది. 2007 జూలైలో మెల్‌బోర్న్‌లో పొగమంచులో ఒక ఏ320 ఇలాగే 38 అడుగుల దాకా దిగిపోయి, అక్కడి నుంచి లేచింది. మూడో మెట్టు ఉన్నది ఇందుకే. చదవడం అంటే నోటితో చదవడం, కంటితో చూసి ఊరుకోవడం కాదు.

రెండో ఉచ్చు మన చెవిలోనే ఉంది. ఒక్కసారిగా వేగం పెరిగితే లోపలి చెవి దాన్ని ముక్కు లేచినట్టుగా భ్రమిస్తుంది. చీకట్లో పైలట్ ఆ భ్రమను నమ్మి ముక్కును కిందికి నొక్కుతారు. 2000 ఆగస్టు 23న బహ్రెయిన్‌లో రాత్రిపూట గో అరౌండ్ చేస్తున్న ఏ320 సముద్రంలో పడి 143 మంది పోయారు. రాత్రి 26 నుంచి కొండల వైపు లేస్తే శేషాచలం అడవి నల్లగానే కనిపిస్తుంది. అప్పుడు చూపు తెర మీదే ఉండాలి, కిటికీ మీద కాదు.

గాలి తిరగబడితే

వేసవి సాయంత్రం ఉరుముల మబ్బు కింద గాలి నిట్టనిలువుగా కిందికి పడి, నేలను తాకి నలువైపులా చీలుతుంది. దానిలోకి దూరిన విమానానికి మొదట ఎదురుగాలి తగిలి వేగం పెరుగుతుంది. ఆ పెరుగుదల చూసి పైలట్ పవర్ తగ్గిస్తే అక్కడే దెబ్బ, ఎందుకంటే వెంటనే గాలి వెనక నుంచి తోసి వేగాన్ని హరిస్తుంది. 1985 ఆగస్టు 2న డల్లాస్‌లో పెద్ద ప్రయాణికుల విమానాన్ని కూల్చింది ఇలాంటి గాలే.

విమానం "విండ్‌షియర్" (గాలి ఒక్కసారిగా మారడం) అని హెచ్చరిస్తే టోగా, ముక్కు పైకి. ఇక్కడొక తేడా గుర్తుంచుకోండి: గాలిలోంచి బయటపడేదాకా ఫ్లాప్స్ కదపకూడదు, చక్రాలు ఎత్తకూడదు. చక్రాల తలుపులు తెరుచుకున్నప్పుడు గాలికి అడ్డు పెరుగుతుంది. ఫ్లాప్స్ తీస్తే రెక్క ఎత్తే బలం తగ్గుతుంది. ఆ క్షణంలో రెండూ భరించలేం.

దిగడమే మేలైన సందర్భాలు

మొదటిది పక్షులు. రన్‌వే దగ్గరపడ్డాక గుంపులోకి దూరితే, రెండు ఇంజిన్లూ దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు పూర్తి పవర్ అడగడం ప్రమాదం. 2008 నవంబరు 10న రోమ్ చంపినో దగ్గర ఒక బోయింగ్ 737 నేలకు దగ్గర్లో గోరువంక జాతి పక్షుల గుంపులోకి వెళ్లింది. గో అరౌండ్‌కు పవర్ పెంచగానే రెండు ఇంజిన్లూ బలం కోల్పోయాయి. రన్‌వే కనిపిస్తూ, విమానం సర్దుకుని ఉంటే దిగేయాలి. చుట్టూ చెరువులు, పొలాలు ఉన్న రేణిగుంటకు ఇది వర్తించే మాటే.

రెండోది ఇంజిన్ మంట. వెయ్యి అడుగుల కిందికి వచ్చేశాక మంట హెచ్చరిక మోగితే విమానాన్ని నడపడమే పని. దిగి, ఆగి, అప్పుడు మంట సంగతి చూస్తారు. ఎత్తులో ఉంటే మాత్రం డ్రిల్ పూర్తిచేస్తారు: లీవర్ వెనక్కి, ఆ ఇంజిన్ మాస్టర్ స్విచ్ ఆఫ్, ఫైర్ బటన్, 10 సెకన్ల తరవాత మంట ఆర్పే మొదటి సిలిండర్, మంట ఆరకపోతే 30 సెకన్లకు రెండోది. మాస్టర్, ఫైర్ బటన్ ముట్టుకునే ముందు ఏ ఇంజిన్ అన్నది ఇద్దరూ వేలితో చూపించి ఒప్పుకోవాలి. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర పైలట్లు బాగున్న ఇంజిన్‌ను ఆపేశారు. దిగబోతుండగా పాడైన ఇంజిన్ కూడా పోయి 47 మంది చనిపోయారు.

మూడోది, పైకి లేచే బలమే లేనప్పుడు. 2008 జనవరి 17న హీత్రో దగ్గర ఒక బోయింగ్ 777 ఇంధన మార్గంలో మంచు చేరి రెండు ఇంజిన్లూ పవర్ ఇవ్వలేదు. కెప్టెన్ ఫ్లాప్స్‌ను 30 నుంచి 25కు తగ్గించి గాలి అడ్డు తగ్గించారు. రన్‌వే అందలేదుగానీ, ముందున్న యాంటెనాలను దాటి గడ్డిలో దిగగలిగింది. ఒక్కరూ చనిపోలేదు.

చక్రాలు దిగకపోతే

తొందర లేని ఆపద ఇది. గో అరౌండ్ చేసి, కొండలకు దూరంగా సురక్షితమైన ఎత్తులో చుట్టు తిరుగుతూ చెక్‌లిస్టు చదవాలి. ఏ320లో చేతి క్రాంక్‌ను మూడు చుట్లు తిప్పితే చక్రాలు సొంత బరువుతో జారి తాళం పడతాయి. తరవాత మూడు పచ్చ దీపాలు చూడాలి. ఇలా దించాక ముందు చక్రం తిప్పే వీలుండదు కాబట్టి రన్‌వే మీదే ఆగి, టగ్ (విమానాన్ని లాగే బండి) కోసం ఎదురుచూడాలి. చక్రాలు మళ్లీ లోపలికి పోవు, అలా మరో ఊరికి వెళ్తే ఇంధనం విపరీతంగా తాగుతుంది. క్రాంక్ ముట్టుకునే ముందే ఈ లెక్క చూసుకోవాలి.

ఇంధనం, చెన్నై వాన

దిగేసరికి 30 నిమిషాల నిల్వ మిగలదని లెక్క తేలితే "మేడే ఫ్యూయల్" అనడం తప్పనిసరి. ఏ320కు అది సుమారు 1,100 నుంచి 1,200 కిలోలు. రేణిగుంటకు దగ్గరి పెద్ద విమానాశ్రయం చెన్నై, గీత గీస్తే వంద కిలోమీటర్లు. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ కురిసే తుపాను వానే అక్కడా కురుస్తుంది. ఆ రోజుల్లో ప్రత్యామ్నాయంగా 200 కిలోమీటర్ల బెంగళూరునో, ఇంకా దూరమైన హైదరాబాద్‌నో పెట్టుకుని, దానికి తగ్గ ఇంధనం ఎక్కించుకోవాలి. రెండుసార్లు గో అరౌండ్ అయ్యాక మూడోసారి చూద్దాం అనుకునే బదులు వెళ్లిపోవడమే మా సలహా.

ఎవరికి ఏం చెప్పాలి

ముందు విమానం నడపాలి, తరవాత దారి, ఆ తరవాతే మాట. ప్రాణాపాయమైతే మూడుసార్లు "మేడే", అంత కాకపోతే మూడుసార్లు "పాన్ పాన్". ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు విమానం గుర్తు పంపే పరికరం) 7700, రేడియో పోతే 7600. క్యాబిన్ సిబ్బందికి నాలుగు ముక్కలు చాలు: ఏం జరిగింది, ఏం చేయబోతున్నాం, ఎన్ని నిమిషాలుంది, ప్రత్యేకంగా ఏమైనా ఉందా.

పక్క పైలట్ రెండుసార్లు పిలిచినా పలకకపోతే స్పృహ తప్పినట్టే లెక్క. "ఐ హ్యావ్ కంట్రోల్" అని తీసుకుని, క్యాబిన్ నుంచి ఒకరిని పిలిపించి, ఆయన సీటును వెనక్కి లాగించి భుజాల బెల్టు బిగించాలి. లేకపోతే ఒళ్లు కంట్రోల్ మీద వాలుతుంది.

మంటతో దిగినప్పుడు ట్యాక్సీవే మీదికి తిరగకుండా రన్‌వే మీదే ఆపి పార్కింగ్ బ్రేక్ వేయాలి. తలుపులు తెరిపించే ముందు రెండు ఇంజిన్లూ ఆపాలి. ఆగేముందు గాలి ఎటుందో ఒక్కసారి చూసుకోవాలి. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో టేకాఫ్ మానుకున్న విమానం రన్‌వే వదిలి పక్కకు తిరిగి ఆగింది, గాలి మంటను నేరుగా క్యాబిన్ మీదికి తోసింది. అక్కడ 55 మంది చనిపోయారు.