ఇంట్లో చేసిన చిన్న డ్యూప్లెక్సర్‌కు పూర్తి పవర్ ఇచ్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

మన దేశంలో హామ్‌లు (అభిరుచిగా రేడియో స్టేషన్ నడిపేవారు) వాడే 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రిపీటర్ (వచ్చిన సిగ్నల్‌ను విని అప్పుడే మళ్లీ పంపే స్టేషన్) వినే ఫ్రీక్వెన్సీకి, పంపే ఫ్రీక్వెన్సీకి మధ్య ఎడం సాధారణంగా 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఒకే యాంటెన్నా మీద 25 వాట్లు పంపుతూ, అదే క్షణంలో మైక్రోవోల్టులో ఐదో వంతు సిగ్నల్‌ను వినాలంటే రెండింటినీ విడదీసే ఫిల్టర్ల పెట్టె, అంటే డ్యూప్లెక్సర్‌లోని ఒక్కొక్క వైపూ 80 డెసిబెల్స్‌కు తగ్గని ఐసొలేషన్ (అక్కరలేని ఫ్రీక్వెన్సీని అడ్డుకోవడం) ఇవ్వాలి. రిసీవర్ వైపు కావిటీలు (ఒక ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసిన లోహపు డబ్బాలు) మన ట్రాన్స్‌మిటర్ క్యారియర్‌ను, అంటే అది పంపే అసలు సిగ్నల్‌ను, ఆపుతాయి. ట్రాన్స్‌మిటర్ వైపువి రిసీవర్ ఫ్రీక్వెన్సీ మీద పడే రొదను ఆపుతాయి. ఈ రొద ఒకసారి దాటి వచ్చేస్తే రిసీవర్ వైపు ఎన్ని కావిటీలు పెట్టినా పోదు.

అర మీటరు పొడవుండే పావు తరంగపు కావిటీలకు బదులు లోపల కాయిల్ ఉండే హెలికల్ రెజొనేటర్లు వాడితే పెట్టె చిన్నదవుతుంది గాని, క్యూ (ట్యూనింగ్ పదును) తగ్గి నష్టం పెరుగుతుంది. ఒకటిన్నర డెసిబెల్ నష్టమంటే 25 వాట్లలో 7 వాట్లకు పైగా ఆ పెట్టెలోనే వేడిగా మారుతుందన్నమాట. 30 డిగ్రీలు వేడెక్కితే రాగి రెజొనేటర్ ట్యూనింగ్ వ్యాకోచం వల్లనే 70 కిలోహెర్ట్జ్ వరకు, అల్యూమినియంది 100 వరకు జరుగుతుంది. కొండ మీద రేకుల గదిలో మే నెల మధ్యాహ్నం ఆ తేడా సులువుగా వస్తుంది కనుక, పెట్టె బాగా వేడెక్కాకా, తెల్లవారుజామున చల్లబడ్డాకా నాచ్ (ఫిల్టర్ అన్నిటికన్నా గట్టిగా ఆపే ఫ్రీక్వెన్సీ) ఎక్కడుందో విడివిడిగా కొలిచి చూడాలి.

గ్యాస్ టార్చ్‌తో టంకం పెట్టే పని ఆరుబయట చేయాలి, జి.ఐ. రేకును మాత్రం వాడవద్దు, వేడికి జింకు పొగ వచ్చి జ్వరం తెప్పిస్తుంది. ఫ్లక్స్‌ను పూర్తిగా కడిగేయాలి. కాయిల్ తెరిచిన కొస వద్ద వోల్టేజి చాలా ఎక్కువ ఉంటుంది కనుక అక్కడి ముళ్లను అరగదీసి నున్నగా చేయాలి, లేకుంటే నిప్పురవ్వలు దూకుతాయి. ట్రాన్స్‌మిటర్ పని చేస్తుండగా మూత తీయకూడదు. ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల శక్తి) చర్మం లోపలిదాకా కాలుస్తుంది.

కేబుల్ విషయంలో పొదుపు పనికిరాదు. ఒకే అల్లిక ఉన్న ఆర్‌జి-58 లీకవుతుంది. రెండు అల్లికలున్న ఆర్‌జి-400 లేదా ఆర్‌జి-214, ఎన్ కనెక్టర్లు వాడాలి. ఫిల్టర్లను కొలిచేందుకు చవకగా దొరికే నానోవీఎన్ఏ అనే పరికరానికి 70 డెసిబెల్స్ దాటి లోతు సరిగా కనిపించదు కనుక, నాచ్ అడుగును సిగ్నల్ జనరేటర్, రిసీవర్ కలిపి కొలవడం మంచిది.

తరువాత యాంటెన్నా చోట డమ్మీ లోడ్ (పవర్‌ను వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టి, కప్లర్ (లైనులోకి కొద్దిపాటి సిగ్నల్‌ను కలిపే పరికరం) ద్వారా బలహీనమైన సిగ్నల్ ఇచ్చి, ఒక వాటుతో ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయాలి. రిసీవర్‌లో వినిపించే ఆ సిగ్నల్‌లో బుస పెరిగితే మూత అంచులను వేలితో నొక్కి, కేబుళ్లను మెల్లగా కదిపి చూడాలి. బుస మారిన చోటే లీకు ఉంది.

విశాఖ వంటి తీరంలో ఉప్పు గాలికి అల్యూమినియం పెట్టెలో బిగించిన ఇత్తడి మరల చుట్టూ అల్యూమినియం తుప్పు పట్టి పాడవుతుంది. వర్షాకాలానికి ముందు ఆ మరలను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాక ట్యూనింగ్‌ను ఒకసారి కొలిచి తీరాలి.