స్లైడు చదువుదాం – 9వ పాఠం: మెడుల్లా ఎక్కని పడవ

పోయిన పాఠంలో పిల్లవాడి హెర్నియా (గజ్జల్లో దిగే వాపు) సంచి గోడకు అంటుకున్న మూడు మిల్లీమీటర్ల పసుపు బుడిపె ఏమిటని అడిగాను. చాలామంది కొవ్వు అన్నారు. తప్పుపట్టను, కంటికి రెండూ పసుపే. కొవ్వు కణంలో ఒకటే పెద్ద ఖాళీ, కేంద్రకం అంచుకు ఒదిగి ఉంటుంది. ఇక్కడ కణం నిండా సన్నటి బుడగలు, కేంద్రకం నడుమనే ఉంది. అది మూత్రపిండం మీద కూర్చునే అధివృక్క గ్రంథి ముక్క. ఆ గ్రంథి బయటి భాగం కార్టెక్స్, లోపలి భాగం మెడుల్లా.

నాకు చిరాకు తెప్పించింది రెండో రకం జవాబు: "కార్టెక్స్‌లా ఉంది, కానీ మెడుల్లా లేదు కాబట్టి అధివృక్కం కాదు." మెడుల్లా ఎందుకు ఉండాలి? గర్భస్థ శిశువులో కార్టెక్స్, వృషణం లేదా అండాశయం మెసోడెర్మ్ అనే పిండపు నడిమి పొరలో పక్కపక్కనే పుడతాయి. మెడుల్లా కణాలు న్యూరల్ క్రెస్ట్ (పిండంలో నాడీ కణాల గట్టు) నుంచి ఆలస్యంగా వలస వచ్చి లోపల చేరతాయి. మా కాలువల్లో పడవకు చిక్కుకున్న గుర్రపుడెక్క పై లాకు నుంచి కింది లాకు దాకా వస్తుంది. కిందికి దిగే వృషణానికి కార్టెక్స్ తునక చిక్కుకునేదీ అలాగే. పడవ వెళ్లిపోయాక రేవుకు చేరినవాడు మెడుల్లా. వాడిని కింది లాకు దగ్గర వెతికితే దొరుకుతాడా? వీర్యనాళ తంత్రిలో, ఎపిడిడిమిస్‌లో (వృషణం వెనుక గొట్టపు చుట్ట), ఆడవారిలో అండాశయం పక్కన బ్రాడ్ లిగమెంట్‌లో (గర్భాశయం పక్క పొర) సాధారణంగా కార్టెక్స్ ఒక్కటే ఉంటుంది. రేవు దాటని సీలియక్ ప్లెక్సస్ (కడుపు వెనుక నరాల అల్లిక) దగ్గరి తునకల్లో మాత్రం రెండూ ఉండవచ్చు.

నేను ముందు తక్కువ పవర్‌లోనే పొరలు చూస్తాను: గుళిక (గ్రంథి చుట్టూ ఉండే తొడుగు), దాని కింద కణాల గుండ్రటి గుంపులు, ఇంకా లోపల పొడవాటి వరుసలు. మామూలు హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు నాకు చాలు. పెద్దవారిలో మాత్రం ఈ గర్వం పనికిరాదు. క్లియర్ సెల్ కిడ్నీ క్యాన్సర్ పాకినా ఇలాగే తెల్లటి కణాలు కనిపిస్తాయి. 1883లో గ్రావిట్జ్ ఆ కిడ్నీ కణితులు అధివృక్క తునకల నుంచే పుడతాయనుకున్నాడు. హైపర్‌నెఫ్రోమా అనే పాత పేరు ఆ పొరపాటు మిగిల్చిందే. అనుమానముంటే ఇన్‌హిబిన్, పాక్స్8 స్టెయిన్లు అడగండి. మొదటిది అధివృక్కాన్ని, రెండోది కిడ్నీని పట్టిస్తుంది.

అభ్యాసం: పుస్తకం మూసి, మూత్రపిండం నుంచి వృషణం దాకా దారి గీసి, తునక దొరకగల ప్రతిచోటా మెడుల్లా ఉండవచ్చో లేదో రాయండి. ఇంకొకటి: పుట్టుకతోనే అధివృక్క హైపర్‌ప్లేసియా (గ్రంథి అతిగా పెరిగే జబ్బు) ఉన్న కుర్రవాడికి రెండు వృషణాల్లోనూ గడ్డలున్నాయి. లేడిగ్ కణాల (వృషణంలో హార్మోన్ తయారుచేసేవి) కణితి అని రిపోర్టు రాసి వృషణాలు తీయించే ముందు స్లైడులో ఏ స్ఫటికాల కోసం చూస్తారు, వైద్యుణ్ని ఏ మందు మోతాదు గురించి అడుగుతారు?