మజిలీ బండి ప్రయాణాన్ని కాగితం మీద మళ్ళీ నడిపించడం ఎలా

హైదరాబాద్‌లో మా పేట గ్రంథాలయానికి ఆదివారాలు వచ్చే పిల్లలకు పాతకాలపు ప్రయాణాల గురించి చెబుతూ ఉంటాను. అమెరికా పడమటి సీమల్లో 19వ శతాబ్దంలో నడిచిన స్టేజ్ కోచ్ అనే గుర్రపు బండి గురించి చెప్పవలసి వచ్చినప్పుడు దానికి మజిలీ బండి అనే పేరే వాడుతున్నాను, ఎందుకంటే స్టేజ్ అన్న మాటకు మన మజిలీ కన్నా దగ్గరి మాట లేదు. ఆ బండిని బడిలోనో ఇంట్లోనో పిల్లలకు చూపించదలచిన వారి కోసం నేను అనుసరించే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. దీనికి ఒక పటం, దారం, సుద్దముక్క, రెండు పాత తోలు బెల్టులు, ఒక అట్టపెట్టె, తూకం వేసే చిన్న కాటా ఉంటే చాలు.

ముందుగా ఒకే ఒక్క మార్గాన్ని ఎంచుకోవాలి. పడమటి సీమ మొత్తాన్ని ఒక పూటలో చెప్పబోతే పేర్లు మిగులుతాయి తప్ప బండి కదలదు. నేను ఎంచుకునేది 1858లో మొదలైన బటర్‌ఫీల్డ్ ఓవర్‌లాండ్ మెయిల్ అనే టపా బండ్ల మార్గం. దాని దారి సెయింట్ లూయిస్, మెంఫిస్ పట్టణాల నుంచి రెండు పాయలుగా బయలుదేరి ఫోర్ట్ స్మిత్ దగ్గర కలిసి, అక్కడి నుంచి టెక్సాస్, ఎల్ పాసో, టూసాన్, ఫోర్ట్ యూమా, లాస్ ఏంజెలెస్ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో చేరేది. మొత్తం దూరం సుమారు 2,800 మైళ్ళు. పటం మీద గుండుసూదులు గుచ్చి దారం చుట్టి చూపిస్తే, తిన్నగా పోవలసిన దారం దక్షిణానికి బాగా కుంగి మళ్ళీ పైకి లేవడం పిల్లలే గమనించి కారణం అడుగుతారు. శీతాకాలంలో మంచు అడ్డుపడని దారి కావాలన్నది ఒక కారణం. ఆనాటి పోస్ట్‌మాస్టర్ జనరల్ ఆరన్ బ్రౌన్ దక్షిణాది రాష్ట్రమైన టెనెసీకి చెందినవాడు కావడం, మెంఫిస్ ఆ రాష్ట్రంలోనే ఉండడం ఇంకొక కారణం. ఉత్తరాది వారు ఈ వంపును తీవ్రంగా విమర్శించారు.

రెండవ పని లెక్క. చాలామంది ఈ కథను దొంగలతోనో తుపాకులతోనో మొదలుపెడతారు. మొదట్లో నేనూ అలాగే చెప్పేవాణ్ని. ఒకసారి ఆరో తరగతి చదివే అమ్మాయి లేచి, "అంత ఎడారిలో అన్ని గుర్రాలకు మేత ఎవరు కొన్నారు తాతయ్యా?" అని అడిగింది. అప్పటి నుంచి టపా ఒప్పందంతోనే మొదలుపెడుతున్నాను. 1857లో జాన్ బటర్‌ఫీల్డ్ బృందంతో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఉత్తరాలను 25 రోజులలోగా చేరవేస్తూ వారానికి రెండుసార్లు రెండు దిక్కులా బండ్లు నడిపితే ప్రభుత్వం ఏడాదికి 6,00,000 డాలర్లు చెల్లిస్తుంది. ఇప్పుడు పిల్లల చేత లెక్క కట్టించాలి. వారానికి రెండు చొప్పున ఒక దిక్కుకు ఏడాదికి 104 ప్రయాణాలు, రెండు దిక్కులకూ కలిపి 208. ఆరు లక్షలను 208తో భాగిస్తే ప్రయాణం ఒక్కింటికి సుమారు 2,885 డాలర్లు వస్తుంది. పడమటికి పోయే ప్రయాణికుడు మొదట్లో ఇచ్చిన చార్జీ 200 డాలర్లు కనుక, చివరిదాకా పోయేవారు ఆరుగురు ఎక్కినా వచ్చేది 1,200 మాత్రమే. బండిని నడిపించింది టపా సొమ్మేననీ, మనిషి ఆ సంచులతో పాటు ఎక్కిన అదనపు బరువనీ ఈ భాగాహారం ఒక్కటే స్పష్టంగా చెబుతుంది. సంచులు ఎక్కువైన రోజున ప్రయాణికులు వాటి మధ్యనే కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం ఎందుకో ఆ తర్వాత ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

మరో లెక్క కూడా ఇక్కడే చేయించడం మంచిది. కాలిఫోర్నియా నుంచి తూర్పు రాష్ట్రాలకు అర ఔన్సు ఉత్తరానికి తపాలా 10 సెంట్లు. ఆ 2,885 డాలర్లు తపాలా రుసుముతోనే రావాలంటే ఒక్క బండిలో 28,850 ఉత్తరాలు ఉండాలి. అది జరిగే పని కాదు కనుక ప్రభుత్వం తెలిసి తెలిసే నష్టాన్ని భరించింది. 1848లో బంగారం దొరికి, 1850లో రాష్ట్రమైన కాలిఫోర్నియాకు అప్పటిదాకా ఉత్తరాలు పనామా మీదుగా ఓడల్లోనే ఎక్కువగా వెళ్ళేవి. సొంత నేల మీదుగా ఒక దారి వేసి దూరపు రాష్ట్రాన్ని దగ్గర చేసుకోవాలన్న పట్టుదలకు కట్టిన వెల అది.

తర్వాత వేగాన్ని మన దారుల మీదికి తెచ్చి చూపాలి. 2,800 మైళ్ళను 25 రోజులకు పంచితే రోజుకు 112 మైళ్ళు, అంటే దాదాపు 180 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో ఉదయం ఆరింటికి బయలుదేరితే, రాత్రంతా ఆగకుండా నడిచి మర్నాడు ఆరింటికి ఇంచుమించు కోదాడ చేరతామన్నమాట. మజిలీల మధ్య దూరం సగటున 20 మైళ్ళు కాబట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కినవాడు చౌటుప్పల్ చేరేలోపే ఒకసారి గుర్రాలు మారతాయి. నీటి సంగతి చెప్పడానికి కూడా ఇదే దారి పనికివస్తుంది: టెక్సాస్‌లో కాంచో నది మొదళ్ళ నుంచి పేకోస్ నది రేవుదాకా సుమారు 75 మైళ్ళు నీటి చుక్క లేదు. అది హైదరాబాద్‌లో బయలుదేరి నకిరేకల్ దాటి వెళ్ళేంత దూరం. అలాంటి చోట్ల గుర్రాల కన్నా దాహానికి ఓర్చే కంచర గాడిదలనే ఎక్కువగా నమ్ముకున్నారు.

ఇక్కడ ఏనుగుల వీరాస్వామయ్యను తలచుకోకుండా ముందుకు పోలేను. ఆయన 1830 మే 18న మద్రాసు నుంచి పల్లకీలో బయలుదేరి, మన హైదరాబాద్ మీదుగా కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఆయనకు మజిలీ అంటే స్నానం, వంట, నిద్ర. బోయీలు అలసిపోతే ప్రయాణం ఆగుతుంది. బటర్‌ఫీల్డ్ దారిలో మజిలీ పశువుల కోసం ఏర్పడింది. అలసిన జట్టును విప్పి కొత్త జట్టును కట్టడానికి పట్టే కొద్ది నిమిషాలే విరామం, మనిషి మాత్రం రాత్రీ పగలూ బండిలోనే ఉండాలి. కొన్ని పెద్ద మజిలీల్లోనే భోజనం దొరికేది, దాని డబ్బు చార్జీలో చేరదు. ఉప్పు పట్టిన పంది మాంసం, బీన్స్, రొట్టె, పాలు లేని కాఫీ అక్కడి మామూలు తిండి. ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెడితే, మజిలీ అన్న ఒకే మాటలో ఎంత దూరం ఉందో పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

ఇక బండిని గీయాలి. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని కాంకర్డ్ పట్టణంలో 1827 నుంచి తయారైన కాంకర్డ్ బండిలో మూడు బల్లలు, లోపల తొమ్మిది మంది. నేల మీద సుద్దతో నాలుగు అడుగుల వెడల్పున మూడు వరుసలు గీసి తొమ్మిది మంది పిల్లలను కూర్చోబెట్టండి. ముందు వరుస వెనక్కి, మిగిలిన రెండు వరుసలు ముందుకు చూడాలి. నడిమి వరుసకు వీపు ఆనించుకునే పలక లేదు, అడ్డంగా కట్టిన తోలు పట్టీ ఒక్కటే ఆధారం. ఎదురెదురుగా కూర్చున్నవారి మోకాళ్ళు ఒకదానిలో ఒకటి ఇరుక్కోవడం మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. మా దగ్గర పిల్లలు పది నిమిషాలు ఓపిక పట్టారు, పదకొండో నిమిషంలో నడిమి వరుసలోని బాబు లేచి నిలబడ్డాడు. ఎడారి భాగంలో ఈ బరువైన బండ్లకు బదులు, గుడ్డ పైకప్పుతో తేలికగా కట్టిన బండ్లు నడిచేవి. సామాను ఒక్కొక్కరికి 40 పౌన్లు, అంటే 18 కిలోలు.

ఊపు ఎలా ఉండేదో చూపడానికి రెండు బెల్టులను రెండు స్టూళ్ళ మధ్య సమాంతరంగా, కొంచెం వదులుగా కట్టి వాటి మీద అట్టపెట్టె పెట్టండి. ఒక స్టూలును కాస్త కుదిపితే పెట్టె ముందుకూ వెనక్కూ ఊయలలా ఊగుతుంది. కాంకర్డ్ బండి తొట్టి సరిగ్గా ఇలాగే, పొరలు పొరలుగా పేర్చిన మందపాటి తోలు వార్ల మీద వేలాడేది. ఉక్కు స్ప్రింగు విరిగితే ఎడారిలో బాగుచేసే కమ్మరి దొరకడు. తోలు తెగితే తోలుతోనే కట్టుకోవచ్చు. పైగా చక్రం గుంటలో పడ్డ దెబ్బను ఈ ఊపు మింగడం వల్ల గుర్రాల మెడల మీద ఒత్తిడి తగ్గేది. ఆ ఊపుకే కొందరికి పడవ ఎక్కినట్టు వాంతులయ్యేవి.

ఈ దారి ఖాళీ నేల మీద పడలేదని చెప్పడం మరచిపోకూడదు. అది అక్కడి ఆదివాసులైన కొమాంచీల, అపాచీల నేల. అపాచీ పాస్ అనే కనుమలో ఊట దగ్గర కట్టిన మజిలీని చిరికావా అపాచీల నాయకుడు కోచీస్ మనుషులు మొదట సాగనిచ్చారు. 1861 ఫిబ్రవరిలో లెఫ్టినెంట్ జార్జ్ బాస్కమ్, ఒక పిల్లవాణ్ని ఎత్తుకుపోయారన్న నెపం మోపి కోచీస్‌ను బంధించబోయాడు. ఆయన తప్పించుకున్నా ఆయన బంధువులను సైనికులు ఉరితీశారు. ఏళ్ళ తరబడి సాగిన యుద్ధానికి అది మొదలయ్యింది. పటం మీద ఆ చోట వేరే రంగు సూది గుచ్చుతాను.

దొంగల గురించి పిల్లలు ఎలాగూ అడుగుతారు. బటర్‌ఫీల్డ్ సంస్థ నగలు, డబ్బు, విలువైన వస్తువులు తీసుకుపోవడాన్ని నిషేధించింది కనుక ఈ మార్గంలో దోపిడీ కథలు వెతకడం వృథా. కాలిఫోర్నియాలో 1875, 1883 మధ్య నడిచి వచ్చి బండ్లను ఆపి దోచిన బ్లాక్ బార్ట్ అనే దొంగను చేతిరుమాలు మీది చాకలి గుర్తు పట్టించిందని చెబితే వారికి సరిపోతుంది.

ప్రయాణాన్ని సాక్ష్యంతో సరిచూడడం తర్వాతి మెట్టు. 1858 సెప్టెంబరు 16న మొదటి బండి బయలుదేరినప్పుడు చివరిదాకా వెళ్ళిన ఏకైక ప్రయాణికుడు, న్యూయార్క్ హెరాల్డ్ విలేకరి వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ. మొదటి 160 మైళ్ళు, టిప్టన్ దాకా రైలులో పోయి అక్కడ బండి ఎక్కి, అక్టోబరు 10న శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాడు. గడువు 25 రోజులు కాగా 24 రోజులు నిండకముందే చేరాడు. గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజులను వరుసగా కొట్టేస్తూ పోతే దూరం కాలంగా మారుతుంది.

ముగింపు తేదీలు త్వరగా చెప్పేయవచ్చు. అంతర్యుద్ధం వల్ల 1861లో ఈ దక్షిణ మార్గం మూతపడి టపా మధ్య మార్గానికి మారింది. 1860 ఏప్రిల్‌లో మొదలైన పోనీ ఎక్స్‌ప్రెస్ అనే గుర్రపు రౌతుల టపా అర ఔన్సు ఉత్తరాన్ని మొదట్లో 5 డాలర్లకు పది రోజుల్లో చేర్చింది. 1861 అక్టోబరులో తంతి తీగ ఖండం దాటగానే దాని పని అయిపోయింది. 1869 మే 10న ప్రామంటరీ దగ్గర రైలు పట్టాలు కలిశాయి. మన నిజాం ప్రభుత్వం సొంత తపాలా బిళ్ళలు తెచ్చింది కూడా ఆ 1869లోనే, సికింద్రాబాద్‌కు వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చింది మరో అయిదేళ్ళకు. పట్టాలు పడని గనుల ఊళ్ళకు మజిలీ బండ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచాయి.

చివరగా ఉత్తరం రాయించండి. అర ఔన్సు అంటే సుమారు 14 గ్రాములు. మామూలు ఎ4 కాగితం 5 గ్రాములు తూగుతుంది కనుక కవరు బరువు పోను రెండు కాగితాలకే చోటు ఉంటుంది. (మన దేశంలో 1854 నుంచి కంపెనీ టపాలో అర్ధణాకు పోయిన పావు తులం ఉత్తరానికయితే ఒక్క కాగితం కూడా పట్టదు.) ప్రతి పిల్లా పిల్లవాడూ కాటా మీద తూచుకుంటూ, బరువు మించితే కాగితం అంచు కత్తిరించి, దూరాన ఉన్న ఒక మనిషికి అవసరమైన మాటలే రాయాలి. ఆ కవర్లన్నిటినీ ఒక సంచిలో వేసి మూతి కట్టి గ్రంథాలయం బీరువాలో పెడతాము. సంచి విప్పేది 25వ రోజున, జవాబులు అందేది మరో 25 రోజులకు.